ట్రెడ్‌మిల్ మీద కూత

తొమ్మిదేళ్లుగా ఒక్క మాట మింగలేకా, కక్కలేకా ఉన్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. మధ్యలో ఆపేస్తానేమోనని భయంగానే ఉంది.

అప్పుడు నానక్‌రామ్‌గూడలో ఒక అద్దాల భవనం ఐదో అంతస్తులో, ఆటగాళ్ల దేహదారుఢ్యం కొలిచే ల్యాబులో పనిచేసేదాన్ని. ఒక సంస్థ తన మహిళా కబడ్డీ జట్టుకు మనుషులను ఎంచుకుంటోంది. జట్టులోకి వస్తే ఉద్యోగం వచ్చినట్టే. మిగిలింది ఒకే చోటు, పోటీలో ఇద్దరు. వారిలో ఒకామెను ఇక్కడ సుజాత అంటాను. అసలు పేరు రాసే అర్హత నాకు లేదు. తెల్లాపూర్ మట్టిలో ఆడి పెరిగిన పిల్ల. ఇంట్లో అందరి ఆశా ఆ ఉద్యోగం మీదే.

సుజాత ముక్కుకూ మూతికీ మాస్కు కట్టి ట్రెడ్‌మిల్ ఎక్కించాను. పీల్చి వదిలే గాలిని బట్టి దమ్మెంతో మిషన్ లెక్కగడుతుంది. వేగం పెంచేకొద్దీ మాస్కులోంచి గొణుగుడు వినిపించింది. కూత! కబడ్డీ కబడ్డీ అంటూ ఊపిరి బిగబడుతోంది. ఒళ్లు కష్టపడితే అలా చేయడం ఆమెకు చిన్నప్పటి అలవాటు. ఆ కొలత చెల్లదని నాకు అక్కడికక్కడే అర్థమైంది. మిషన్ మాత్రం తక్కువ అంకె చూపించింది.

"మేడం, జర ఇంకోసారి ఉరుకనియ్యరాదు? ఆగకుండ ఉరుకుతుంటే నాకు కూత దానంతటదే వస్తున్నది. ఆటల గిట్ల ఎవరు ఉరుకుతరు? పోతం, తాకుతం, మర్లొస్తం."

"రూల్స్ ఒప్పుకోవమ్మా. మిషన్ అబద్ధం చెప్పదు."

"మిషన్ సంగతి కాదు మేడం. మీరు చెప్పున్రి, నేను ఆడలేనా?"

నేను కంప్యూటర్ వైపు తిరిగిపోయాను. రెండోసారి పరీక్ష పెట్టొచ్చు. ఏ రూలూ అడ్డం లేదు. రిపోర్టు చివర ఒక ప్రశ్న ఉంటుంది, మ్యాచ్ మొత్తం తట్టుకోగలదా అని. 'తట్టుకోలేదు' అని రాసి సంతకం పెట్టాను. చోటు రెండో అమ్మాయికి వెళ్లింది.

ఎందుకు రాశాను? ఆట చూస్తే తెలియదా, ఈ మిషన్లెందుకని ఆ జట్టు కోచ్ అంతకుముందే అందరి ముందూ వెటకారం చేశాడు. మిషన్ పొరపడిందంటే ఇక నేనెందుకు అనిపించింది. చేరి మూడు నెలలు కూడా కాలేదు. అంతేనా? ఎంత తవ్వుకున్నా ఇంతకంటే పెద్ద కారణం దొరకడం లేదు. ఇంత చిన్న భయానికి ఒక మనిషి బతుకును తోసేస్తారా ఎవరైనా?

ఇప్పుడు నేను ఇలాంటి పరీక్షల గురించి పాఠాలు చెబుతాను. ల్యాబులో దమ్ము వేరు, మ్యాచ్‌లో దమ్ము వేరు, ఆగకుండా పరుగెత్తడం కబడ్డీ కాదు అంటాను. కుర్రవాళ్లు చప్పట్లు కొడతారు. ఆ మాటలు సుజాతవి. సిగ్గుతో చచ్చిపోతుంటాను.

కొత్తలో తెలియక చేశానని ఇన్నాళ్లూ నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. మీరూ అలాగే అనుకుని జాలిపడతారేమో. వద్దు.

పరీక్షకు ముందు ఆదివారం తెల్లాపూర్‌లో నేను ఆమె మ్యాచ్ చూశాను. ఎవరికీ చెప్పకుండా వెళ్లి జనంలో నిలబడ్డాను. కూతకు వెళ్లింది, వచ్చింది, చూస్తుండగానే తేరుకుంది, మళ్లీ వెళ్లింది. ఆట ముగిసే వేళ పట్టుకున్న ముగ్గురినీ ఈడ్చుకుంటూ గీత దాటింది. అందరితో పాటు నేనూ గొంతు పోయేలా అరిచాను. మూడు రోజుల తర్వాత, ఆ గొంతు ఇంకా బొంగురుగా ఉండగానే, తట్టుకోలేదని రాశాను.

తెలిసే రాశాను. క్షమించమని అడిగే ముఖం లేదు, ఆమె ఎక్కడుందో కూడా తెలియదు. కానీ ఇక ఈ సంగతి నా ఒక్కదానికే తెలిసినది కాదు.