మిగతాది సైన్సు నోటులో

మా పాత కంప్యూటర్‌లో డీఫ్రాగ్ నడుస్తోంది. ఖాళీ దొరికిన చోటల్లా ముక్కలుగా దాచుకున్న ఫైళ్లను అది ఇప్పుడు ఒక్కచోటికి చేరుస్తోంది. తెర మీద రంగు గళ్లు కదులుతుంటే, ఆదోనిలో మా ఇంటి గూట్లో ఉండే అక్క కాన్వెంటు నోటుబుక్కులు గుర్తొచ్చాయి.

పరీక్షలయ్యాక మిగిలిన తెల్ల కాగితాలను మీరూ పారేసేవారు కాదు కదా? అమ్మ పోయినప్పుడు నాకు రెండేళ్లు, అక్కకు ఎనిమిది. అక్క పదో తరగతిలో ఉండగా, తాను మరిచిపోకముందే అమ్మ గురించి నాకోసం ఆ ఖాళీ పేజీల్లో రాసింది. ఒక నోటులో చోటు అయిపోతే, మిగతాది ఏ నోటులో ఉందో కింద రాసేది.

ఒకరోజు నేను పొట్లాలు కట్టే అవ్వకు సైన్సు నోటు ఇచ్చి, దోసెడు ఉడికిన వేరుశనగ బుడ్డలు తిన్నాను. అక్క రాసిన ఆఖరి భాగం అందులోనే ఉందని తర్వాత తెలిసింది.

పెళ్లై ఎమ్మిగనూరుకు పోయే ముందు అక్క అడిగింది. "అంతా సదివినావా మే?"

తిడుతుందని భయపడ్డాను. "చదివినాక్కా."

"ఏడ్సినావా?"

"ఊ."

"పిచ్చిదానా!" అని జడ లాగింది.

పోయిన ఏడు ధైర్యం చేసి అక్కకు నిజం చెప్పాను.

"ఏం రాసింటినో గుర్తు లేదే పాపా. అప్పుడే అడగకూడదా?"

మిగిలిన నోటుబుక్కులు వరసగా పేర్చుకుని మళ్లీ చదివాను. సోషల్ నోటు చివర ఇలా ఉంది: "నిన్ను మొదటిసారి ఎత్తుకున్నప్పుడు అమ్మ ఒక మాటన్నది. మిగతాది సైన్సు నోటులో."