ఎత్తకూడని ఫోన్

సారు పోయారని నాకు ముందుగా చెప్పినవాడు, ఆయన బతికుండగా ఆయన పని దొంగిలించినవాడే. పొద్దున్నే ఫోన్ చేసి, గొంతు తగ్గించి, "మన సారు పోయిండు అక్కా" అన్నాడు. ఆ "మన" వినగానే నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. అది ఇంకా దిగలేదు. దిగాక రాస్తే మర్యాద కోసం అబద్ధాలు రాస్తానేమోనని ఇప్పుడే రాస్తున్నాను.

జగిత్యాల ఐటీఐలో మాకు ఎలక్ట్రానిక్స్ చెప్పిన సారు మృదుస్వభావి అని సంతాప సభలో చాలామంది అన్నారు. వాళ్లెవరూ ఆయన దగ్గర చదువుకోలేదని అర్థమైపోయింది. సారు నోరు మహా చెడ్డది. సోల్డరింగ్ సరిగ్గా రాకపోతే బోర్డు తీసి బల్ల మీద విసిరికొట్టేవారు. జవాబు తెలియక తల గోక్కుంటే, "నెత్తిల ఉన్నయి ఆలోచనలా, పేన్లా?" అని అందరి ముందూ అడిగేవారు. పెళ్లికి పోతే భోజనం సంగతి తర్వాత, ముందు మైకు సెట్టు దగ్గరికి పోయి, అది కీచుమంటోందని మూత విప్పేసేవారు. పెళ్లివాళ్లు మొహం మాడ్చుకున్నా ఆయనకు పట్టేది కాదు.

ఆయనది సిరిసిల్ల. ఇంట్లో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిచేవి. అక్కడ సాంచె ఆగితే కంపెనీవాడు వచ్చేదాకా ఎవరూ చేతులు ముడుచుకు కూర్చోరు. నడిపేవాడే పానా పట్టి విప్పుతాడు. ఆ చప్పుళ్ల మధ్య పెరిగినందుకు ఆయన ఎప్పుడూ అరిచినట్టే మాట్లాడేవారు. మూసేసిన వస్తువును చూస్తే ఆయనకు ఒళ్లు మండేది. "ఇప్పరాని సామాను నీది కాదు పోరీ, కిరాయిది" అని నాకు మొదటి రోజే చెప్పారు.

ఆయన చేసిన పెద్ద పని ఒక కార్డు. అరచేయంత పచ్చ బోర్డు. పాత కంప్యూటర్‌లో దాన్ని గుచ్చి ఫోన్ వైరు తగిలిస్తే, ఆ కంప్యూటరే చిన్న టెలిఫోన్ ఎక్స్‌చేంజ్ అవుతుంది. కాల్ ఎత్తుతుంది, ఇంకో గదికి మారుస్తుంది, మాట రికార్డు చేస్తుంది. అలాంటిది కంపెనీ దగ్గర కొనాలంటే ధర విని మా వైపు ఆస్పత్రులవాళ్లే వెనక్కి తిరిగిపోయేవారు. సారు చవక చిప్పులతో చేశారు. దాన్ని నడిపించే ప్రోగ్రాంను డ్రైవర్ అంటారు. అది ఎక్కడెక్కడివాళ్లో రాసి, ఎవరైనా చదివి మార్చుకోవచ్చని తెరిచి పెట్టినది. కానీ ఫోన్ చేసినవాడి నంబరు మొదటి రింగు తర్వాత వస్తుందని అది కాచుకుని కూర్చునేది. మన లైన్లలో నంబరు రింగుకు ముందే వచ్చిపోతుంది. ఆ ఒక్క సంగతి పట్టుకోవడానికి సారు తన ఎండాకాలం సెలవులు తగలేశారు, మావీ తగలేశారు. సరిచేసినదాన్ని మళ్లీ అందరికీ తెరిచే పెట్టారు. ఎవరు కార్డు కొన్నా ప్రోగ్రాం మొత్తం, బోర్డు గీసిన బొమ్మతో సహా చేతిలో పెట్టేవారు.

పొద్దున్నే ఫోన్ చేశాడని చెప్పానే, వాడు నాతో చదివినవాడే. జగిత్యాలలో కంప్యూటర్ల డీలరు. సారు దగ్గర కార్డులు తీసుకుపోయి, చిప్పుల మీది నంబర్లను ఎవరూ చదవకుండా ఉప్పుకాగితంతో రుద్దేసి, తన స్టిక్కర్ అంటించి, ప్రోగ్రాంకు తాళం వేసి అమ్మాడు. మార్చి అమ్ముకో, కానీ మార్చినదాన్నీ తెరిచే ఇవ్వు అన్నది ఆ ప్రోగ్రాంలో ఉన్న ఒకే ఒక్క షరతు. వాడికి అదీ బరువైంది. కేసు పెడదామన్నాను. సారు ఆ రుద్దిన చిప్పును ఎండలో తిప్పి తిప్పి చూసి, "రేపు ఇది కరాబైతె వాడే బాగుచెయ్యలేడు. వాని శిక్ష వాడే తెచ్చుకున్నడు" అన్నారు. నాకు ఆ మాట అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు. దొంగను దొంగ అనాల్సిన చోట సూక్తులు చెప్పడం పెద్దరికం కాదు. ఈ మాట ఆయన మొహం మీదే చాలాసార్లు అన్నాను.

కోరుట్లలో గల్ఫ్ కుటుంబాల కోసం ఒక సంఘం ఉంది. జీతం రానివాళ్లు, పాస్‌పోర్టు పని ఇచ్చిన సేటు గుంజుకున్నవాళ్లు గల్ఫ్ నుంచి ఆ ఆఫీసుకు ఫోన్ చేస్తారు. ఆ ఒక్క నంబరు అక్కడి కూలీల క్యాంపుల్లో అందరికీ నోటికొచ్చు. సారు, నేను కలిసి అక్కడ కార్డు పెట్టాం. ఎవరినీ కాచుకోబెట్టకూడదని, రింగు రాగానే మిషన్ ఫోన్ ఎత్తి నమస్కారం చెప్పేలా చేశాం. అది చూసుకుని మురిసిపోయాం కూడా. కొద్ది రోజులకే సారంగాపూర్ నుంచి ఒక తల్లి వచ్చి ఇద్దరినీ దులిపేసింది.

"నా కొడుకు ఈడికే మిస్డ్ కాల్ ఇస్తడు. ఒక్క రింగైతె బాగున్నట్టు, రెండైతె మీరు చెయ్యుండ్రి అన్నట్టు. మీ మిషన్ ఎత్తి ఎత్తి వాని బ్యాలెన్స్ అంత మింగింది. మీ నమస్కారం ఎవడు అడిగిండు?"

ఈ ప్రాంతంలో పుట్టి, ఆ రింగుల లెక్క మరిచిపోయాం మేం. నోరున్న మా సారు ఆ రోజు ఎదురు మాట్లాడలేదు. అక్కడే కూర్చుని డ్రైవర్ తెరిచారు. ఎత్తకు, రింగులు లెక్కపెట్టు, నంబరు పట్టుకో, రెండు మోగి ఆగితే నువ్వే తిరిగి చెయ్యి అని రాశారు. ఆ తల్లికి చాయ్ తెప్పించి, పరీక్ష కూడా ఆమెతోనే చేయించారు. సాయంత్రానికి పని అయిపోయింది.

సంతాప సభలో డీలరు మైకు పట్టుకుని, పంచుకోవడమే సారు జీవితమని చెప్పి కళ్లు తుడుచుకున్నాడు. నేను లేచి బయటికొచ్చాను. చెప్పుల దగ్గర, కోరుట్ల ఆఫీసులో ఫోన్ చూసుకునే అక్క నా చెయ్యి పట్టుకుంది. సారు మంచం పట్టాక పిడుగుపాటుకు అక్కడి కార్డు కాలిపోయిందట. సంఘం సెక్రటరీ నాకో మాటైనా చెప్పకుండా, దాతల చందాతో డీలరు దగ్గర ఏదో కంపెనీ చేసిన కొత్త డబ్బా తెప్పించాడట. అది రింగు రాగానే ఎత్తుతుంది. అక్క తమ్ముడు జీతం లేక క్యాంపులో ఇరుక్కున్నాడు. సొంత ఫోన్ పోయింది. ఒక్క మిస్డ్ కాల్ ఇచ్చుకుంటానని వాళ్లనూ వీళ్లనూ బతిమాలి చేసేవాడు.

"డబ్బా ఎత్తంగనె ఫోన్ ఇచ్చినోని పైసలు కట్ అయితున్నయి. ఇంకోసారి ఎవడిస్తడు చెల్లె?" అంది. ఇప్పుడు కాల్స్ రావడమే ఆగిపోయాయి. వాడు ఉన్నాడో లేడో ఆమెకు తెలియదు.

లోపలికి పోయి, ప్లేటు పట్టుకుని భోజనాల లైన్లో ఉన్న డీలరును బయటికి పిలిచాను. ఎత్తకుండా చెయ్యమన్నాను. "నా చేతుల లేదక్కా. లాక్ కంపెనోళ్లదే. నాది అమ్ముడే" అన్నాడు. ఇన్నేళ్లు తాళాలు వేసి, చివరికి వాడు మిగిలింది ఇంకొకరి తాళం ముందు. సారు చెప్పినట్టే జరిగింది. అయినా నాకు సంతోషం కలగలేదు, ఎందుకంటే ఆ శిక్ష పడింది వాడికి కాదు, అక్క తమ్ముడికి. వాడు తిరిగి లైన్లోకి పోయాడు, ప్లేటులో బిర్యానీ పడింది.

నేను తినలేదు. నా రిపేరు షాపులో ఉన్న సారు కార్డు ఒకటి తీసుకుని, అక్కతో కలిసి కోరుట్ల బస్సెక్కాను. దాతలు నొచ్చుకుంటారని సెక్రటరీ అడ్డుపడ్డాడు. నొచ్చుకోనివ్వమని డబ్బా వైరు పీకేశాను. పాత డ్రైవర్ కొత్త సిస్టంలో కూర్చోలేదు. తెరిచి చదవాల్సి వచ్చింది. మధ్యమధ్యలో సారు రాసిపెట్టిన మాటలు. "ఇది ఎందుకున్నదో తెల్వకుంటె చెయ్యి పెట్టకు. తెలిస్తె నన్ను అడగకు." తిట్టుకుంటూ, ముక్కు చీదుకుంటూ ఒక్కో లైను మార్చాను. ఆయన మీద ప్రేమ ఎంతుందో నాకు ఆ కుర్చీలోనే తెలిసింది.

ఆ తర్వాత నేను రోజూ ఆ ఆఫీసుకు పోయాను. ఒక మధ్యాహ్నం ఫోన్ మోగింది. అక్క చెయ్యి అలవాటుగా ముందుకు పోయింది. వెంటనే వెనక్కి లాక్కుని రెండు చేతులూ చంకల్లో బిగించుకుంది. రెండోసారి మోగింది. ఆగింది. మిషన్ ఆ నంబరు పట్టుకుని తిరిగి చేసింది. ఫోన్ ఇచ్చినవాడెవరో హిందీలో విసుక్కున్నాడు. ఆ వెనకే తమ్ముడి గొంతు వచ్చింది.

"ఇన్ని రోజులు ఎవరక్కా గట్ల ఎత్తుకుంట పోయింది?"

"సారు పోయిండు తమ్మీ" అంది అక్క.

 అవతల ఎక్కడో నల్లా కింద బకెట్ నిండుతున్న చప్పుడు మాత్రం వస్తోంది. క్యాంపులో ఎవరి బ్యాలెన్సూ పోవడం లేదు కనుక, అక్క రిసీవర్ చెవికి ఆనించుకుని ఆ చప్పుడే వింటూ కూర్చుంది.