తడక పక్కన తెల్ల గుడ్డు

మా చిన్నప్పుడు... ఇల్లందు దగ్గర మా పల్లెలో ముసురు తెరిపిచ్చిన ఒక పొద్దున, పెరట్లో వెదురు తడక పక్కన తెల్లటి గుడ్డు కనిపించింది. సగం మట్టిలో, సగం పైన...

"ఓర్నాయనో! ఎవలో గుడ్డు పాతిపెట్టిండ్రే! బాణామతి!" అని నాయనమ్మ గుండెలు బాదుకుంది.

తడక అవతల ఉన్నది కమలత్త ఇల్లు. మొన్ననే కోళ్ల దగ్గర అమ్మకూ ఆమెకూ మాటామాటా అయింది. ఇంకేముంది... ఆమె పనే అని ఖాయం చేసేశారు.

మర్నాటికి ఆ గుడ్డు పగిలి జానెడు కాడ లేచింది. చుట్టూ తెల్లటి జాలీ లంగా! చచ్చిన ఎలుక కంపు, మీద ఈగలు... ఆ పూట మా ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదు.

అమ్మ తడకలోని కంతకు గోనెసంచి కుక్కేసింది. మాకు మక్కగారెలు వచ్చేది, మా చారు అటు పోయేది ఆ కంతలోంచే! నాన్న డ్యూటీకి పోతే అమ్మకు మాట్లాడే మనిషి కమలత్త ఒక్కతే. అమ్మ పొయ్యి దగ్గర కూర్చుని కొంగుతో కళ్ళు తుడుచుకుంటుంటే నాకూ ఏడుపొచ్చింది... గారెల కోసం కూడా అనుకోండి.

నాలుగు రోజులకు అవతలి నుంచి కేక.

"వదినే! నేనేం పాపం జేసిన్నని మా పెరట్ల గుడ్డు పెట్టినవ్?"

అమ్మ గోనెసంచి పీకేసింది. "నేను పెట్టుడేంది? ముందుగల్ల పెట్టింది నువ్వు గాదా?"

కంతలోంచి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇద్దరివీ ఏడ్చిన కళ్ళే. కమలత్త తడక అడుగున పుచ్చిపోయిన వెదురుబద్ద లాగింది. దాని కింద తెల్లటి నూలుపోగుల్లాంటివి, వాటికి గోలీలంత గుడ్లు... ఇటూ అటూ!

"ఓసినీ! కుక్కగొడుగులే వదినే గివి!" అని కమలత్త నవ్వింది. అమ్మ నవ్వబోయి బోరుమంది. నాయనమ్మ మాత్రం "ఏమో... నేనైతే నమ్మ" అంటూ లోపలికి పోయింది. సాయంత్రం కంతలోంచి వచ్చిన గారెలు మాత్రం అందరికంటే ముందు తనే తిన్నది!

ఇప్పుడు కొత్తగూడెంలో మా ఇంటి చుట్టూ ఎత్తయిన గోడ. మొన్నటి వానకు కుండీలో పసుపుపచ్చ గొడుగులు లేస్తే ఫోన్‌లో ఫొటో తీశాను. ఫోనే ఏదో పొడుగాటి పేరు చెప్పింది. "ఇటు రా వదినే, గిదేందో చూడు" అని పిలుద్దామంటే... గోడ అవతల ఉన్నామె పేరే నాకు తెలియదు.

మీ పెరట్లో ఇలాంటి వింతలు లేస్తే, మొదట ఎవరిని కేకేసేవారు?