చింతగింజల శిక్షణ

ఖాళీ స్టీలు గ్లాసులో చింతగింజ పడితే టంగుమంటుంది. సగం నిండిన గ్లాసులో పడితే ఆ మోత రాదు, గింజ మీద గింజ పడిన చప్పుడు మాత్రమే వినిపిస్తుంది. ఆత్మకూరు శిక్షణలో మొదటి రోజే నా గ్లాసు ఆ రెండో చప్పుడు దాకా వచ్చింది.

అప్పుడు మేం నెల్లూరులో లా ఆఖరి సంవత్సరం చదువుతున్నాం. ఉదయగిరిలో ప్రతి శనివారం విద్యార్థులతో ఉచిత న్యాయ సలహా కేంద్రం నడపాలని మా కాలేజీ వాళ్లు తలపెట్టారు. ఊరికే పంపితే పనికాదని, ముందు మూడు వారాలు శిక్షణ ఇమ్మని ఆత్మకూరు కోర్టులో ప్రాక్టీసు చేసే ఒక మేడంకి మమ్మల్ని అప్పగించారు. బస్సు డిపోకి ఎదురుగా, ఎరువుల దుకాణం మేడ మీద ఆమె ఆఫీసు. మెట్లు ఎక్కుతుంటే యూరియా వాసన ముక్కు పట్టుకునేది. కింద కండక్టర్లు ‘బద్వేలు, బద్వేలు’ అని అరుస్తుంటే, పైన మేం కేకలు వేసుకుంటూ చదువుకున్నాం. ఇప్పుడా దుకాణం సెల్‌ఫోన్ల షాపయింది. ఇప్పటికీ ఆ మెట్లెక్కేటప్పుడు నా ముక్కు యూరియా కోసం వెతుకుతుంది.

ఆమె శిక్షణ పద్ధతి చిత్రమైనది. ఒకరు కక్షిదారు, ఒకరు వకీలు. కక్షిదారు తన కష్టం చెప్పుకోవాలి. వకీలు ‘ఆఁ’, ‘తర్వాత?’ అనే రెండు మాటలు తప్ప పలకకూడదు. అడ్డు తగిలినప్పుడల్లా మేడం ఒక చింతగింజ తీసి ఆ వకీలు గ్లాసులో వేసేది. పది నిమిషాలు గడిచాకే ప్రశ్నలు. ఆ తర్వాత విన్నది మన మాటల్లో రాసి, పైకి చదివి, కక్షిదారు చేత మళ్లీ చెప్పించాలి. ‘చదివి వినిపించగా సరియని ఒప్పుకొని’ అని అర్జీల చివర రాసే మాటను, చదవకుండా రాసేవాళ్లు తనకు నలుగురు తెలుసని ఆమె అనేది. మంత్రం కూడా అంతే కదా, అర్థం తెలియనక్కర లేదు, చివర ఉంటే చాలు అనేది. ఆ మాట నాకు బాగా నచ్చింది. నచ్చిందని చెప్పబోయి ఆమెకే అడ్డు తగిలాను. టంగు.

నా జబ్బుకు కారణముంది. నేను చర్చా వేదికల మీద పెరిగినవాణ్ణి. బడిపంతులైన మా నాయన నన్ను సైకిలు ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని హేతువాద సభలకు తీసుకుపోయేవాడు. పన్నెండేళ్లప్పుడు, చేతిలోంచి విభూతి తీసి చూపించే ఒకాయన్ని లేచి నిలబడి అడిగాను, ‘విభూతి ఎందుకు సామీ, బియ్యం తీయండి, మా వీధిలో అవే తక్కువగా ఉండాయి’ అని. జనం కొట్టిన చప్పట్లు చాలా ఏళ్లు నా చెవుల్లో మోగాయి. వాదంలో ఎదుటివాడు మాట్లాడుతుంటే మనం వినం. అతని మాటలో చిల్లు ఎక్కడుందో చూసుకుంటూ, మన జవాబుకు పదును పెట్టుకుంటాం. మూఢనమ్మకాల మీద నేను నేర్చిన కత్తి అదే. దాన్ని పారేయమని ఎవరన్నా ఇప్పటికీ ఒప్పుకోను.

‘ఏమయ్యా, ఆ పిల్ల కష్టం చెప్తుంటే నువ్వు అప్పుడే తీర్పు చెప్తుండావే?’ అనేది మేడం.

ఆ పిల్ల కలువాయి నుంచి వచ్చే సేద్యగాళ్ల ఇంటి అమ్మాయి, నా జతగత్తె. పొలానికి దారి మూసేశారని ఏడుపు నటిస్తూనే కంటి కొసతో నా గ్లాసు చూసేది. ‘మా ఇంట్లో సంవత్సరం పొడుగునా పులుసు కాచినా ఇన్ని గింజలు రావబ్బా. ఇంకాస్త మాట్లాడు, మూట కట్టుకోని పోతాను’ అనేది.

మూడో వారం ఆఖరికి నా గ్లాసులో రెండే గింజలు. నేను గర్వంగా గ్లాసు ఎత్తి చూపించాను. మేడం నవ్వలేదు. ‘నాటకంలో నోరు మూసుకునేది సులువే. నీకు ఒళ్లు మండే మాట ఇంకా రాలా’ అంది.

ఆ మాట ఉదయగిరిలో మూడో శనివారం వచ్చింది. కొండ కింద, వాడుకలో లేని గ్రంథాలయం గదిలో మా కేంద్రం. చెరువు పక్కన పల్లె నుంచి ఒక అవ్వ వచ్చింది. చేపలు పట్టడం, కూలికి పోవడం ఆమె బతుకు. చేతిలో ప్లాస్టిక్ కవరు, కవరులో తహసీల్దారు ఆఫీసు నోటీసు. ఆమె ఇంటి స్థలాన్ని తన పేరుకు మార్చమని మరిది అర్జీ పెట్టుకున్నాడు. వదినే పట్టా కాగితం తన చేతికిచ్చి స్థలం వదులుకుందని అందులో రాశాడు. అభ్యంతరం ఉంటే సోమవారం లోగా రాసివ్వాలి. ఇవ్వకపోతే, అరవై ఏళ్లు దాటిన ఆ మనిషికి ఉన్న ఒక్క గది, దాని ముందున్న వేపచెట్టు, రెండూ పోయినట్టే.

‘నేను ఇయ్యలేదు అబ్బయ్యా’ అంది. ‘రేకు పెట్టెలో పెట్టింది పెట్టినట్టే ఉండాది అనుకున్నాను. కూతురింటికి పోయొచ్చి చూస్తే లేదు. ఇల్లంతా ఎతికినాను. ఆఖరికి వరికుంటపాడు కాడ అంజనం వేసే ఆయన ఉండాడంటే...’

తమలపాకు మీద కాటుక రాసి, పోయిన వస్తువు అందులో కనిపిస్తుందని చెప్పే విద్య పేరు అంజనం. నాకు ఒళ్లు మండింది.

‘కాటుకలో పట్టా కనపడతాదా అవ్వా?’ అని మొదలుపెట్టాను. అంత శక్తే ఉంటే ఆయన పోలీసుస్టేషను పెట్టుకోవాలి కదా అన్నాను. మీలాంటి వాళ్ల భయమే ఆయనకు తిండి అన్నాను. బెంచీ మీద కూర్చున్న ఇద్దరు తల ఊపారు. నా చెవుల్లో పాత చప్పట్లు మోగాయి. ఎంతసేపు మాట్లాడానో నాకు తెలియదు.

అవ్వ అంతా విన్నది. నోటీసు మడిచి కవర్లో పెట్టుకుంది. ‘సరే నాయనా. నువ్వు చదువుకున్నోడివి’ అని లేచి వెళ్లిపోయింది.

‘ఒప్పుకుంది చూశావా’ అన్నాను నా జతగత్తెతో.

‘ఒప్పుకోలా. లేచిపోయింది’ అంది ఆ అమ్మాయి. ‘ఎవరి మీద గెలిచినావబ్బా నువ్వు? సోమవారం ఎల్లుండే. ఆమె పల్లె ఏదో అన్నా అడిగినావా?’

అడగలేదు. బెంచీ మీద వాళ్లు చెప్పారు. మేడంకి ఫోను చేశాను. తిడితే బాగుండేది. ‘రేప్పొద్దున్నే ఇద్దరూ పోండి. నువ్వు మాత్రం నోరు తెరవబాక’ అని పెట్టేసింది.

ఆదివారం పొద్దున మేం దిగేసరికి అవ్వ చెరువు గట్టు మీద వలకు అతుకు వేసుకుంటోంది. తల ఎత్తలేదు.

‘ఏంది, మిగిలింది చెప్పేదానికి వచ్చినావా?’

‘లేదవ్వా. ఇనేదానికి వచ్చినాను.’

వలలో ఇంకో నాలుగు చిల్లులు అతికింది. తర్వాత చాప ఇటు తోసి, నన్ను పరీక్షించడానికన్నట్టు సరిగ్గా అంజనం దగ్గరే మొదలుపెట్టింది. తమలపాకు ఎంతుందో, ఆయన ఏ దిక్కుకు కూర్చున్నాడో, కాటుకలో ఆయనకు ఏమేం కనిపించాయో వరసగా చెప్పింది. నా వేళ్ల కింద చాప పుల్లలు రెండు విరిగాయి. నోటి నుంచి ‘ఆఁ’ తప్ప రాలేదు.

‘ఆమాసకు ముందు పోయినాం, పక్కింటోళ్లిద్దరూ నా జతనే వచ్చినారు. ఏడాదికోసారి ఊరంతా కలిసి చెరువులో చేపలు పడతాం, అది ఆ తర్వాత నెలకు గదా. మా మరిదే ఆటో ఎక్కించినాడు, పో వదినా, ఆయన చెప్తాడులే అని.’

నా జతగత్తె నోటీసుతో ఉన్న మరిది అర్జీ తీసి వేలు పెట్టి చూపించింది. చేపలు పట్టిన మరునాడు, వదిన తన చేత్తో కాగితం ఇచ్చిందని రాసుకున్నాడు. నెల ముందే పోయిన కాగితం, వెతుక్కుంటూ అంజనం దాకా వెళ్లిన కాగితం, తర్వాత ఆమె చేతికెలా వచ్చింది? కాగితం కాజేసినవాడే ఆమెను కాటుక దగ్గరకు సాగనంపాడు. మూఢనమ్మకం ఎవరి పక్షాన పనిచేస్తుందో నేను పదేళ్లు వేదికలెక్కి చెప్పాను. అంత స్పష్టంగా మాత్రం ఎన్నడూ చెప్పలేకపోయాను. నిన్న నేను మూయించిన అవ్వ నోట్లోనే ఆ సాక్ష్యం ఉంది.

అక్కడే రాశాను. ‘పోయిన కాగితం కోసం అంజనం వేయించుకున్నాను’ అని నా చేత్తో, మా నాయన కొడుకు చేత్తో, రాశాను. చదివి వినిపించాను. మళ్లీ చెప్పమన్నాను. ఆమె చెప్పి, ఒక చోట ఆపింది. ‘ఇయ్యలేదని ఒక్కటే రాస్తే ఎట్టా? అడిగితే కూడా ఇయ్యనని రాయి.’ రాశాను. అప్పుడే వేలిముద్ర తీసుకున్నాం.

సోమవారం ఆ అభ్యంతరం తహసీల్దారు ఆఫీసుకు అందింది. తర్వాత కొన్ని వారాలకు అధికారి పల్లెకు వచ్చి పక్కింటివాళ్లిద్దరినీ విడివిడిగా అడిగారు. ఆటో సంగతి ఇద్దరూ చెప్పారు. పట్టా చూపించమంటే, అది తన దగ్గర కూడా పోయిందన్నాడు మరిది. స్థలం అవ్వ పేరునే ఉంచుతూ ఉత్తర్వు ఇచ్చి, పోయిన పట్టాకు నకలు ఇచ్చారు.

ఆ శనివారం ఆమె నకలు పట్టుకుని, ఆకులో చుట్టిన ఎండుచేపలు తీసుకుని ఉదయగిరికి వచ్చింది.

‘అంజనం ఆయన అప్పుడే చెప్పినాడు నాయనా. తెల్లచొక్కా మనిషి వల్ల కాయితం తిరిగొస్తాదని. ఆ మనిషివి నువ్వే!’

నా జతగత్తె నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని గోడ వైపు తిరిగింది. నేను నా తెల్లచొక్కా చూసుకున్నాను. కేసు అయిపోయింది కదా. ఇంక ఏ గ్లాసూ నాకు అడ్డం లేదు. గదిలో మొదలుపెట్టి బస్టాండు దాకా ఆమె పక్కన నడుస్తూ వాదించాను. ఈ ఊళ్లో ఎన్ని తెల్లచొక్కాలున్నాయో లెక్క చెప్పాను. నేను నల్లచొక్కా వేసుకునుంటే ఆయన మాట ఏమయ్యేదని అడిగాను. పోయిన వస్తువు దొరకనివాళ్లు తిరిగొచ్చి ఎందుకు చెప్పరో వివరించాను.

ఆమె ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. ‘ఆఁ’ అంది. ‘తర్వాత?’ అంది.

బస్సు వచ్చింది. కవరు గుండెకు ఆనించుకుని ఎక్కి, కిటికీలోంచి తల బయట పెట్టింది.

‘అయిపోయిందా నాయనా? ఇంకేమన్నా ఉంటే మా ఇంటికొచ్చి చెప్పు. ఇల్లు యాడికీ పోదులే ఇంక.’