ఫువెన్‌సాంత వదిన పరుగు

మా ఫువెన్‌సాంత వదినకి నటించడం రాదు. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే ఆమె పరిగెత్తుకు రావడం చూసినవాళ్ళందరూ నటనే అనుకున్నారు. చప్పట్లు కూడా కొట్టారు.

నా పేరు మెల్చోర్. తిండి, వైను యాత్రల వ్యాను తోలుతాను. మాలగాలో విదేశీ అతిథుల్ని ఎక్కించుకుని హెరెస్, సాన్‌లూకర్, రోందా, కోర్దోబా అన్నీ తిప్పి, శనివారం మధ్యాహ్నానికి మా మొంతీయా కొండల్లో ఉన్న పాత వైను లోగిలికి చేరుస్తాను. ఆఖరి భోజనం అక్కడే. వారమంతా రొయ్యలూ చీజూ పంది తొడ మాంసమూ తిని తిని కదల్లేని స్థితిలో ఉంటారు పాపం. అయినా వదిన వండే ఎద్దు తోక కూర వాసన తగిలేసరికి వ్యాను ఆగకముందే బెల్టులు విప్పేస్తారు. గ్లాసులో ముక్కు దూర్చి వాళ్ళు కళ్ళు మూసుకుంటుంటే నాకు ఇప్పటికీ నవ్వొస్తుంది. మా నాన్న జీవితమంతా ఆ వైనే తాగాడు. ఏనాడూ వాసన చూసిన పాపాన పోలేదు.

వదిన మా పెదనాన్న కొడుకు భార్య. అన్న పేరు సోయిలో. పెళ్ళయిన రెండో ఏడే అన్న పోయాడు, ఆ లోగిలిలోనే. అప్పటికే ఆమె అక్కడ పనివాళ్ళకి వండిపెట్టేది. సమాధి చేసి వచ్చిన మర్నాడు మళ్ళీ వెళ్ళి పొయ్యి వెలిగించింది. మొగుడు చచ్చిన చోట వంట చెయ్యడానికి చేతులెలా వస్తున్నాయమ్మా అని ఊళ్ళో ఆడవాళ్ళు బుగ్గలు నొక్కుకున్నారు. వదిన పట్టించుకోలేదు. కొన్నాళ్ళకి రొట్టెలు కాల్చే ఆయన ఒకడు, భార్య పోయినవాడు, మంచివాడే, పెళ్ళి మాట ఎత్తడానికి ఆమె వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

"రొట్టెలు అక్కడ పెట్టు. మిగతాదేదైనా తెచ్చుంటే ఇంటికి తీసుకుపో" అంది వదిన.

మళ్ళీ ఎవరూ ఆ గుమ్మం తొక్కలేదు. ఆమె అలాగే అరవై దాటేసింది. లోగిలి వెనక ఒక గదిలో ఉంటుంది. ఆ వంటిల్లు తప్ప ఆమెకి ఇల్లంటూ లేదు.

అన్న ఎలా పోయాడో చెప్పాలి. మా దగ్గర ద్రాక్షరసం పులిసేది ఇంటెత్తు సిమెంటు కాగుల్లో. సావిడిలో రెండు వరసలుగా నిలబడి ఉంటాయి. మెట్లెక్కి పైకి పోతే వాటి మూతుల చుట్టూ చెక్క వంతెన ఉంటుంది. రసం పొంగేటప్పుడు చెడుగాలి పుడుతుంది. కాగు ఖాళీ చేసినా అడుగున మడ్డి మీద అది అలాగే కూర్చునుంటుంది. కంటికి కనపడదు, పీల్చినవాడు అక్కడే పడిపోతాడు. అందుకని మనిషి దిగేముందు వెలిగించిన కొవ్వొత్తిని తాడుతో దించుతారు. అది ఆరిపోతే ఎవరూ దిగరు. పసిపిల్లలక్కూడా తెలుసు ఈ సంగతి.

కానీ కొవ్వొత్తి ముందు దిగేవాడి కోసమే. వెనక దిగేవాడికి కొవ్వొత్తి ఉండదు. తనవాడు అడుగున పడి ఉంటే అగ్గిపెట్టె వెతుక్కునేవాడెవడు? తండ్రి వెనక కొడుకు, తమ్ముడి వెనక అన్న, దూకేస్తారు. ఇద్దరూ పోతారు. మా శ్మశానానికొస్తే ఒకే తేదీ చెక్కిన రాళ్ళు పక్కపక్కన కనిపిస్తాయి. తెలివితక్కువతనమనండి, ఏమైనా అనండి, పైన నిలబడి చూస్తూ ఊరుకున్నవాడు మా ఊళ్ళో ఇంతవరకూ పుట్టలేదు. సోయిలో అన్న ఒక్కడే పోయాడు. మిగతా పనివాళ్ళు తోటలో ఉన్న వేళ, తాడు జారి పడిపోయిన బకెట్టు కోసం నిచ్చెన వేసుకుని దిగాడు. చూసినవాడు లేడు కాబట్టి వెనక దిగినవాడూ లేడు.

ఇక ఫాబియాన్. ఆ వసంతంలో కంపెనీ వాళ్ళు కొత్తగా పెట్టిన గైడు. కోర్దోబా నగరం కుర్రాడు, నాలుగు భాషలొచ్చు, నోటికి మాత్రం మూత లేదు. ఒక కాగులో ఎప్పుడో ఎవరో చనిపోయారని ఎక్కడో విన్నాడు. అంతే, దానికి కాళ్ళూ చేతులూ అతికించాడు. చనిపోయినవాడు ఇప్పటికీ లోపలినుంచి కాగు గోడ మీద కొట్టి తన పెళ్ళాన్ని పిలుస్తుంటాడని అతిథులకి చెప్పడం, వాళ్ళు ఊపిరి బిగబట్టి వింటుంటే చెయ్యి వెనక్కి పెట్టి వేలి ఉంగరంతో సిమెంటు మీద టక్ టక్ టక్‌మని కొట్టడం. ఆడవాళ్ళు కెవ్వుమంటారు, మగవాళ్ళు నవ్వుతారు, అందరూ ఇంకో గ్లాసు పోయించుకుంటారు.

మొదటిసారి అతను ఆ పని చేసినప్పుడు నేను సీసాల పెట్టె మోసుకుని సావిడిలోకి వస్తున్నాను. టక్ టక్ టక్. వెంటనే వంటింటి తలుపు గోడకి కొట్టుకుంది. వదిన పరిగెత్తుకుంటూ వచ్చింది. చేతిలో చిల్లుల గరిటె, దాన్నుంచి నూనె కారుతోంది. వాకిలి దాటి, సావిడి గుమ్మం దగ్గర గోడ పట్టుకుని ఆగిపోయింది. ఆమె మొహం చూసి నా చేతిలో పెట్టె కింద పెట్టేశాను. అంత భయం నేను బతికున్న మనిషి మొహంలో చూడలేదు.

అతిథులు చప్పట్లు కొట్టారు.

"అబ్బ, ఏం చేశావమ్మా! ఆ గరిటె ఒక్కటీ చాలు. ప్రతివారం ఇలాగే రావాలి నువ్వు" అన్నాడు ఫాబియాన్, ఆమె లోపలికి వెళ్ళిపోతుంటే.

వాణ్ణి చొక్కా పట్టుకుని బయటికి లాక్కెళ్ళాను. "ఆ చచ్చినవాడు మా అన్న. ఆ వచ్చినామె అతని పెళ్ళాం. ఇంకోసారి ఉంగరం తగిలించావంటే వేలితో సహా పీకేస్తా" అన్నాను. కుర్రాడి మొహం పాలిపోయింది. నాకు తెలీదు బాబాయ్, దేవుడి మీద ఒట్టు, నాకు తెలీదు అంటూ ఏడ్చినంత పని చేశాడు. అబద్ధం కాదు, నిజంగానే తెలీదు వాడికి.

ఆ తర్వాతి శనివారం వాడు కథ ఎత్తకుండా ద్రాక్షల గురించే మాట్లాడాడు. భోజనాలయ్యాక వదిన చేతులు తుడుచుకుంటూ వాడి దగ్గరికొచ్చింది.

"కథ మానేశావేం బాబూ?"

"అమ్మా, నన్ను క్షమించు. అది..."

"మానకు. వచ్చేవారం చెప్పు. కొట్టడం కూడా మానకు."

నేను విని నివ్వెరపోయాను. వాడు నావైపు చూశాడు. ఆమె మొగుడు, ఆమె ఇష్టం. వయసు మీద పడ్డాక చప్పట్లు కూడా తీపే కాబోలు అనుకున్నాను. ఆమె మీద కోపం కూడా వచ్చింది, దాచుకోను.

అలా ఎండాకాలమంతా నడిచింది. టక్ టక్ టక్, వదిన పరుగు, చప్పట్లు. కానీ నేను ఒకటి గమనించాను. మొదట్లో గుమ్మం దగ్గరే ఆగేది. తర్వాత కాగు దాకా వచ్చి దాని మీద అరచెయ్యి పెట్టేది. ఇంకొన్ని వారాలకి మెట్ల దాకా. తర్వాత రెండు మెట్లు. ఒక శనివారం వంతెన ఎక్కేసి, ఏ కాగులో మా అన్న పోయాడో సరిగ్గా ఆ కాగు మూతి దగ్గర నిలబడి లోపలికి తొంగి చూసింది. కింద జనం ఫోటోలు తీసుకున్నారు. అప్పటికి కాగుల్లో తేరిన వైను నిండుగా ఉంది, ప్రమాదం లేదు. కానీ ద్రాక్ష కోతలు దగ్గరికొస్తున్నాయి, కాగులు ఖాళీ అవుతాయి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మరుసటివారం అతిథులు భోంచేసి తోట చూడ్డానికి వెళ్ళాక వంటింట్లోకి వెళ్ళాను. వదిన పెనాలు తోముతోంది.

"ఆ మెట్లెక్కడం ఏంటి వదినా?"

"మోకాళ్ళు పనిచేస్తున్నాయో లేదో చూసుకుంటున్నా."

"నాతో ఎకసెక్కాలొద్దు. కొడుతున్నది కుర్రాడని నీకు తెలుసా, తెలీదా?"

"తెలుసురా. ఉంగరంతో కొడతాడు. మొదటి రోజే చూశా."

"మరి ఎందుకు పరిగెత్తుతున్నావు?"

వదిన పెనం పక్కన పెట్టింది. నావైపు తిరగలేదు.

"ఆ రోజు కొట్టాడు" అంది.

"ఎవరు?"

"మీ అన్న. లోపలినుంచి."

కుర్రాడు గాల్లోంచి పుట్టించిన అబద్ధం అది. ఆమె నోటినుంచి నిజమై వస్తోంది.

"ఆకలేస్తే కాగు మీద కొట్టి అల్లరి పెట్టేవాడు, తెలుసుగా నీకు మీ అన్న సంగతి. 'ఆగు, చచ్చిపోవులే' అని వంటింట్లోంచి నేను అరిచేదాన్ని. రోజూ ఉన్నదే. ఆ రోజూ కొట్టాడు. ఆ రోజూ అలాగే అరిచా. వంకాయ ముక్కలు అప్పుడే నూనెలో వేశానురా. ఎర్రగా వేగనిచ్చా. చెరకు పాకం పోశా. పళ్ళెం పట్టుకుని తీరుబడిగా వెళ్ళా."

"ఎవరికీ చెప్పలేదా ఇన్నాళ్ళూ?"

"ఫాదర్‌కి చెప్పా. ప్రభువు క్షమించాడు వెళ్ళు అన్నాడు. ఆయనదేం పోయింది?"

ఆమెకి ఏదో ఒక ఊరట చెప్పాలి కదా. నాకు తోచిన మంచిమాట చెప్పాను.

"పిచ్చిదానా, నువ్వు ఆ క్షణానే పరిగెత్తినా ఏం జరిగేది? పైనుంచి చూసేదానివి, దూకేదానివి. నువ్వూ పోయేదానివి. మన ఊళ్ళో జరిగేది అదేగా?"

వదిన అప్పుడు తిరిగింది నావైపు. కోపం లేదు. చిన్నపిల్లాడికి లెక్క చెప్పినట్టు చెప్పింది.

"అదే కదరా. వేళకి వెళ్ళడమంటే నువ్వేమనుకున్నావు?"

మళ్ళీ పెనం అందుకుని పీచుతో రుద్దడం మొదలుపెట్టింది. ఇన్ని వారాలుగా ఆమె ఆ రోజులోకి కొంచెం కొంచెంగా పరిగెత్తుకుంటూ పోతోంది, మేము పక్కన నిలబడి వైను పోస్తున్నాము.

ఫాబియాన్‌కి చెప్పి కథ మాన్పించాను. వాడు ఉంగరం తీసి జేబులో వేసుకున్నాడు. మెట్లకి తలుపు పెట్టించమని యజమానిని అడిగాను. అతిథులకి అందం చెడుతుందన్నాడు. అసలు సంగతి చెబితే ఆమెని పనిలోంచి తీసేస్తాడు, అప్పుడు ఆమె ఎక్కడికి పోతుంది? నోరు మూసుకున్నాను.

కోతలొచ్చాయి. సావిడంతా పులిసిన వాసన, కాగుల్లో కుతకుతలు. ఒక శనివారానికి సోయిలో అన్న కాగు ఒక్కటి ఖాళీ చేసి ఉంచారు. అడుగున మడ్డి ఉంది, మూత లేదు, శుభ్రం చెయ్యడానికి నిచ్చెన కూడా దించి ఉంచారు. అది చూశాక నేను వ్యాను దగ్గరికి పోలేదు. మెట్ల కింద నిలబడ్డాను.

ఫాబియాన్ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని ఎండలో ఆరబెట్టిన ద్రాక్షల గురించి ఏదో చెబుతున్నాడు. ఎవరూ ఏమీ కొట్టలేదు. పొంగే రసం చప్పుళ్ళు చేస్తుంది, అందరికీ తెలిసిందే. నేను విన్నది పక్క కాగులోదే అయ్యుంటుందని నాకు నేను ఇప్పటికీ చెప్పుకుంటూ ఉంటాను.

వంటింటి తలుపు గోడకి కొట్టుకుంది. వదిన వచ్చింది. ఈసారి గుమ్మం దగ్గరా ఆగలేదు, కాగు దగ్గరా ఆగలేదు. సూటిగా మెట్ల దగ్గరికి, నా మీదకి.

"జరుగు మెల్చోర్."

"ఎవరూ కొట్టలేదు వదినా. చూడు, వాడి చేతులు రెండూ గ్లాసు మీదే ఉన్నాయి."

"చూశా. అందుకే జరగమంటున్నా."

ఆమె భుజాలు పట్టుకున్నాను. ఆ వయసులో ఆ బలం ఎక్కడిదో, నన్ను ఒక మెట్టు పైకి నెట్టేసింది. కథ చెప్పలేదు కాబట్టి అతిథులకి ఏమీ అర్థం కాలేదు. ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు.

"నువ్వు దిగితే నీ వెనక నేను దిగాలి వదినా" అన్నాను.

"నిన్నెవడు దిగమన్నాడు?"

"ఎవరూ అనక్కర్లేదు. మన ఊళ్ళో దిగడమే గానీ అడగడం ఉందా? నా వెనక వీడు దిగుతాడు."

"ఈ నగరం కుర్రాడా? వీడు దిగడు. దిగారని కథ చెబుతాడు."

"సరే, వీడు దిగడు. నేను దిగుతాను."

ఆమె నా కళ్ళలోకి చూసింది. అబద్ధమేమోనని వెతికింది. నేను ధైర్యవంతుణ్ణి కాను. పళ్ళ డాక్టరంటే వణికే మనిషిని. కానీ ఆ మాటలో అబద్ధం లేదు, అది ఆమెకీ తెలిసిపోయింది.

"నీ పెళ్ళానికి నేనేం చెప్పుకోవాలిరా?" అంది చివరికి.

"నువ్వూ ఉండవుగా. చెప్పే పనుండదు."

చిల్లుల గరిటెతో నా గుండెల మీద ఒక్కటి కొట్టింది. చొక్కా మీద నూనె మరక పడింది. ఇంకోటి కొట్టింది. "ఎద్దులు. మీ వంశమంతా ఎద్దులే" అంటూ అక్కడే మెట్టు మీద కూలబడి ఏడ్చింది. అన్నని సమాధి చేసిన రోజు కూడా ఆమె ఏడవలేదు. ఫాబియాన్ అతిథుల్ని మెల్లిగా తోటలోకి తీసుకుపోయాడు. ఆ రోజు భోజనాలు సాయంత్రానికి గానీ పెట్టలేదు, కూర అడుగంటింది.

అయిపోయిందనుకుంటున్నారేమో. అవలేదు. ఇప్పటికీ శనివారాలు ఉన్నట్టుండి వంటింటి తలుపు తెరుచుకుంటుంది. వదిన వాకిట్లోకొస్తుంది, పరుగు లేదు, నడిచే వస్తుంది. కాగుల వైపు చూడదు. మెట్ల కింద నేను ఉన్నానా లేనా అని చూస్తుంది. ఉంటాను. కాసేపు అలా నిలబడి, గరిటె ఏప్రన్‌కి తుడుచుకుని, లోపలికి వెళ్ళిపోతుంది.

నా వయసైపోయిందట, వ్యాను ఇంకెవరికైనా అప్పగించి ఇంట్లో కూర్చోమంటున్నారు కంపెనీ వాళ్ళు. మా ఆవిడా అదే అంటోంది. వ్యాను తోలడానికి బోలెడుమంది ఉన్నారు. ఆమె వెనక దిగుతానని ఆమె నమ్మే మనిషి ఇంకొకడు నాకు దొరకలేదు.