మస్తాన్‌బీ రాయించిన నియమం

2022 వేసవి. గుంటూరు బ్రాడీపేటలో, ఓ కోచింగ్ సెంటర్ కింద నా లాయరాఫీసు. పైన పిల్లలు వల్లె వేస్తుంటే కింద నేను క్లయింట్లతో గొంతు చించుకుంటుంటాను. ఆ రోజు మస్తాన్‌బీ, ఆమె వెనక పది పన్నెండు మంది ఆడవాళ్ళు వచ్చారు. మిర్చికి తొడిమలు తీసే పని వాళ్ళది. చీరల నిండా ఘాటు. నాకు తుమ్ములే తుమ్ములు.

వ్యాపారులు పనిని వీళ్ళ సంఘానికి ఇస్తారు, సంఘం సభ్యులకు పంచుతుంది. తన చుట్టాలకే ఎందుకు పంచుతున్నావని అడిగినందుకు ప్రెసిడెంటు మస్తాన్‌బీ పేరు కొట్టేశాడు. సీజన్లో పని పోతే ఆమె ఇల్లు గడవదు.

బైలాస్ చదివాను. అంటే సంఘం తనకు తాను రాసుకునే నియమావళి, దాని రాజ్యాంగం అనుకోండి. ప్రెసిడెంటు పిలిస్తేనే జనరల్ బాడీ, అంటే సభ్యులందరి సమావేశం, జరగాలట. ఆయన ఒప్పుకుంటేనే నియమం మారాలట. నాకు ఒళ్ళు మండింది.

"ఇట్లాంటిదానికి వేలిముద్రలు ఎట్లా వేశారమ్మా?"

"అప్పుడాయన మంచోడేనండి," అంది మస్తాన్‌బీ.

"కోర్టులో ఇది నిలబడదు. కానీ తేలేసరికి సీజన్ అయిపోద్ది."

వెనక నుంచి ఒకావిడ అందుకుంది. "మేం వేలిముద్ర వేస్తేనే గదండీ అది సంఘమయింది. అందరం బయటికొచ్చి కొత్తది పెట్టుకుంటే?"

అడ్డేమీ లేదు. సంఘాన్ని పుట్టించేది మనుషులు. పుట్టిందని నమోదు చేసుకోవడం వరకే చట్టం పని. అయితే రాసుకున్నాక, రాసినవాళ్ళూ దానికి లోబడాల్సిందే. ఆ మాట చెప్పి రాయడం మొదలుపెట్టాను.

"ప్రెసిడెంటు నేను. నన్నెవరూ దించకూడదని రాయండి," అంది మస్తాన్‌బీ.

పెన్ను పక్కన పెట్టాను. "ఏ రాయైతేనేం పళ్ళూడగొట్టుకోవడానికి! ఆయన రాసుకుందీ ఇదే గదమ్మా."

"నేనాయన లాంటిదాన్నా?" ఆమెకు కోపమొచ్చింది.

"అప్పుడాయన మంచోడేనని మీరేగా అన్నారు."

ఆమె వెనక్కి తిరిగి తనతో వచ్చినవాళ్ళను చూసింది. చివరికి ఆమే అంది. "సరే రాయండి. సగం మందికి పైన అడిగితే ప్రెసిడెంటు పిలవకపోయినా మీటింగు జరగాల. దించాలంటే దించొచ్చు. అడిగినందుకు మాత్రం ఎవరి పనీ తీసెయ్యకూడదు."

పనిచేసే చేతులన్నీ కొత్త సంఘంలోకి వచ్చేశాయి కాబట్టి వ్యాపారులూ ఇటే వచ్చారు. మస్తాన్‌బీకి ఆ సీజన్ దక్కింది.

రెండేళ్ళకు ఒక్కతే వచ్చింది. "నన్ను దించేశారండి. పని పంచడంలో మా చెల్లెలి వైపు మొగ్గానంట."

"నిజమేనా?"

"కొంచెం."

"మీటింగు పద్ధతిగా జరిగిందా? లేకపోతే కేసు వేద్దాం."

"మనం రాసుకున్నట్టే జరిగిందండి."

"మరి పని?"

"ఇస్తున్నారు. రేప్పొద్దున్నే పోవాల."

"మరెందుకొచ్చారమ్మా?"

"ఏడుపొచ్చిందండి. అక్కడ ఏడిస్తే బాగోదు గదా," అని కొంగుతో కళ్ళొత్తుకుంది.

టీ తెప్పించాను. సంఘానికైనా దేశానికైనా, ఓడినవాళ్ళకు మర్నాడు పని దొరికితేనే ఆ రాజ్యాంగం నిలబడినట్టు. లా కాలేజీలో నాకది ఎక్కలేదు. ఆమె టీ తాగుతుంటే ఎక్కింది.