ఒక్కసారే అడిగే ఊరు

మా తోటివాళ్ళంతా సిడ్నీలోనూ మెల్‌బోర్న్‌లోనూ కాపురాలు పెడితే, మేమిద్దరం మాత్రం ఆవుల మధ్య పెట్టాం. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ పడకేస్తాయని లోకం హడలిపోతున్న రోజులవి. పాత ప్రోగ్రాములు చదవడం వచ్చినవాళ్ళని ఎక్కడ పని ఉంటే అక్కడికి పంపేవారు. నాకూ మా ఆయనకీ ఒక పాల ఫ్యాక్టరీలో పని దొరికింది. మెల్‌బోర్న్‌లో పొద్దున్నే బయల్దేరితే భోజనాల వేళకి చేరేంత దూరం. సిడ్నీలో మనవాళ్ళు ఎక్కువగా ఉండే గిరావీన్‌ పేటలో ఉన్న నా స్నేహితురాలు ఫోన్ చేసి అక్కడ కరివేపాకు దొరుకుతుందా అని అడిగింది. మనుషులు దొరికాక కరివేపాకు సంగతి చూస్తానన్నాను.

మేము అద్దెకున్న ఊరంటే ఒక ఏటవాలు రోడ్డు, దాని వెంట కాసిని ఇళ్ళు, చిన్న బడి, టెన్నిస్ కోర్టు, హాలు. ఎప్పుడో వేల్స్ నుంచి గనుల పనికి వచ్చినవాళ్ళు కట్టుకున్న ఊరట. ఊరి పేరు వాళ్ళ భాషలోదే. ఉన్నన్నాళ్ళూ దాన్ని నేను సరిగ్గా పలకలేదు, వాళ్ళూ నా పేరు సరిగ్గా పలకలేదు, చెల్లుకు చెల్లు. ఊరి బాగోగులు చూడ్డానికి ఒక సంఘం ఉండేది. దాని పెద్ద డెబ్బై ఏళ్ళ ఆవిడ. ఒకసారి వేల్స్‌లో ఉన్న చుట్టాలని చూడ్డానికి వెళ్ళి, అక్కడి పల్లెల్లో ఉన్నట్టే మనకీ కమ్యూనిటీ కౌన్సిల్ ఉండాలని పట్టుబట్టి, సంఘానికి ఆ పేరే పెట్టించిందట. పేరు పెట్టి పిలవమని ఆవిడ ఎంత చెప్పినా నాకు నోరు రాక ఆంటీ అనేదాన్ని. మా అత్తయ్య మాత్రం మొదటి రోజు నుంచీ ప్రెసిడెంటమ్మ అనేది.

అత్తయ్య నాకోసమే వచ్చింది. నాకు అప్పుడు నెల తప్పి, ఏం తిన్నా ఇమడని పరిస్థితి. ఫిబ్రవరిలో కాన్పు. నాకు అమ్మ లేదు. తెనాలి దగ్గర పల్లెలో గేదెల పాడి మీద సంసారాన్ని ఈదిన మనిషి, విమానం అంటే భయపడుతూనే ఎక్కి వచ్చి, దిగిన మర్నాడే నాకు నిమ్మకాయ చారు పెట్టింది. అది ఇమిడింది. కాన్పయ్యేదాకా ఈవిడ నా పక్కన ఉంటే చాలనిపించింది.

ఆవిడకి ఆ ఊళ్ళో నచ్చినవి ఆవులే. రోజూ పొద్దున చీర మీద మా ఆయన స్వెట్టర్ వేసుకుని, వాలు ఎక్కి, పైన డెయిరీ కంచె దాకా నడిచేది. ఏ ఆవు ఎన్ని లీటర్లు ఇస్తుందో, దేనికి పొగరెక్కువో వచ్చి నాకు చెప్పేది. ఒకరోజు దారి మధ్యలో, మలుపు దగ్గర మోకాళ్ళు పట్టేసి గట్టు మీది గడ్డిలో కూలబడింది. అటుగా వచ్చిన ట్రాక్టరాయన, అంటే కౌన్సిల్లో ఆంటీ తర్వాత అంతటివాడు, మనిషి పడిపోయిందనుకుని పక్క టౌను నుంచి అంబులెన్స్ పిలిపించాడు. ఇంగ్లీషు రాని అత్తయ్య చేతులు ఊపుతూ వద్దు వద్దంటుంటే, అదేదో నొప్పి బాధ అనుకుని ఆయన ఇంకా కంగారుపడ్డాడు. సాయంత్రానికి ఊరంతా తెలిసింది. ఒకావిడ సూపు తెచ్చింది, ఇంకొకావిడ పూలు తెచ్చింది.

అత్తయ్య సిగ్గుతో చచ్చిపోయింది. మర్నాటి నుంచి గడప దాటలేదు. కిటికీ దగ్గర కూర్చుని ఆ వాలు వంకే చూసేది. పది రోజులు గడిచాక, సంక్రాంతికి ముందే వెళ్ళిపోతాను, టికెట్ మార్పించమని కొడుకుతో చెప్పింది. ఆయన నిజంగానే జనవరి మొదటివారానికి మార్పించాడు. నాకు ఏడుపొచ్చింది. నడిచే కాళ్ళని ఇంట్లో కట్టిపడేస్తే ఎవరు మాత్రం ఉంటారు, ఆ మలుపులో కూర్చోవడానికి ఏదైనా ఉంటే చాలు, మళ్ళీ నడుస్తుంది, నడిస్తే ఉంటుంది అనుకున్నాను. నా ఆశంతా దాని మీదే పెట్టుకున్నాను.

సరిగ్గా అప్పుడే కౌన్సిల్ నుంచి నాకు పిలుపొచ్చింది. జనవరి ఒకటిన ఊళ్ళో ఏమేం ఆగిపోతాయో వచ్చి చెప్పమన్నారు. హాల్లో పది మంది పెద్దవాళ్ళు కుర్చీలు వేసుకుని నా మొహంలోకి చూస్తూ కూర్చున్నారు. వాళ్ళ అసలు బెంగ బ్యాంకుల గురించీ విమానాల గురించీ కాదు. హాల్లో టీ నీళ్ళు కాచే పెద్ద స్టీలు పాత్ర ఉంది, అది పనిచేస్తుందా అని. దానికి తారీఖులతో పనిలేదని, కరెంటు ఉంటే కాగుతుందని చెప్పాను. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. తర్వాత ఇంకేమీ అడగకుండా వాళ్ళ మామూలు విషయాల్లో పడ్డారు. ఎవరి కుక్కో బడి ముందు పాడుచేస్తోంది. ఎవరి కంచె మొక్కలో రోడ్డు మీదికి పెరిగి కారు కనబడనివ్వడం లేదు. నోటీసు బోర్డు తాళంచెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియదు.

తర్వాత బెంచీ సంగతి వచ్చింది. చలికాలం గాలివానకి పడిపోయిన పెద్ద చెట్టు మానుతో ట్రాక్టరాయన ఒక బెంచీ చేశాడు. ఎక్కడ వేయాలా అని చర్చ. టెన్నిస్ కోర్టు దగ్గరన్నారు కొందరు. ఆంటీ నా వైపు తిరిగి, మలుపు దగ్గర వేస్తే మీ అత్తగారికి ఉపయోగపడుతుందా అని అడిగింది.

నా గుండె ఎగిరి గంతేసింది. నోరు మాత్రం, "అబ్బే, ఎందుకండీ, మాకేం ఫర్వాలేదు," అంది, ఇంగ్లీషులో. అని, మర్యాదగా తల దించుకుని రెండోసారి అడగడం కోసం ఎదురుచూశాను. తల ఎత్తేసరికి చేతులు లేచి ఉన్నాయి. బెంచీ టెన్నిస్ కోర్టుకి వెళ్ళిపోయింది. శ్మశానంలో కుళాయి కారడం గురించి మాట్లాడుతున్నారు.

ఇంటికి వచ్చేదాకా దారి పొడుగునా నేను తిట్టని తిట్టు లేదు. ఇదేం ఊరు, ఇవేం మర్యాదలు, అడిగితే గట్టిగా అడగాలి, లేకపోతే అడగనే కూడదు! అత్తయ్యకి చెబితే ఆవిడా నా పక్షమే. "మరి అడగ్గానే సరేనంటే ఏమనుకుంటారే? ఎప్పుడెప్పుడా అని కాచుక్కూచున్నారనుకోరూ?" అంది. ఆ మనుషులకి బొత్తిగా పెంపకం లేదని ఇద్దరం తేల్చేశాం.

మా ఆయన టీవీ ముందు నుంచి కదలకుండా నవ్వాడు. "నువ్వు నో అన్నావు, వాళ్ళు నో అని విన్నారు. ఇందులో వాళ్ళ ఫాల్ట్ ఏముంది?"

ఆ పూట ఆయనకి పెరుగన్నమే పెట్టాను.

ఆ శనివారం ఆంటీ మా ఇంటికి వచ్చింది. స్టీలు పాత్ర విషయంలో ధైర్యం చెప్పినందుకు తోటలో కాసిన నిమ్మకాయలు ఒక బుట్టెడు తెచ్చింది. అత్తయ్య అప్పుడే పెసరట్లు పోస్తోంది. తినమని సైగ చేసింది. ఆంటీ థ్యాంక్యూ, వద్దు, తినే వచ్చానంది. అత్తయ్య వినిపించుకోకుండా ప్లేటు కడిగింది. మళ్ళీ వద్దంది. అత్తయ్య అట్టు తిరగేసింది. ఆంటీ ఇంకోసారి, ఈసారి కాస్త నీరసంగా, వద్దనబోయేలోగా అల్లం పచ్చడితో సహా అట్టు ముందుకొచ్చింది. సగం తిన్నాక, నేను వద్దంటున్నా మీ అత్తగారు ఎందుకు పెట్టారని ఆవిడ నన్ను అడిగింది. కోపంగా కాదు, నిజంగా తెలుసుకోవాలని.

చెప్పాను. మా వైపు మొదటిసారి వద్దనడం మర్యాద కోసం. రెండోసారి వద్దనడం, అడిగినవాళ్ళు మనసుపెట్టి అడిగారో లేదో చూసుకోవడం కోసం. మూడోసారి చెప్పేదే జవాబు. దీన్ని మొహమాటం అంటాం, ఇది లేని మనిషిని మేం మనిషిగా లెక్కెయ్యం అన్నాను.

ఆంటీ చేతిలో ముక్క ప్లేటులో పెట్టేసింది. "అయితే ఆ బెంచీ..." అంది.

"అబ్బే, ఫర్వాలేదండీ," అన్నాను. అలవాటు చొప్పున వచ్చేసింది, నేనేం చేయను?

ఆవిడ కళ్ళు నవ్వాయి. కుర్చీ ముందుకు జరుపుకుని మళ్ళీ అడిగింది. మీకెందుకండీ శ్రమ అన్నాను. మూడోసారి అడిగేటప్పటికి, పొయ్యి దగ్గర అటు తిరిగి నిలబడ్డ అత్తయ్య, మాటలు అర్థం కాకపోయినా సంగతి అర్థమై, చేతిలో అట్లకాడతో ఇటు తిరిగి, తనకొచ్చిన ఒకే ఒక్క ఇంగ్లీషు ముక్క వాడింది.

"యస్," అంది.

కానీ కౌన్సిల్ చేసిన తీర్మానం వంటింట్లో మారదు కదా. తర్వాతి మీటింగుకి మా ఆయనతో సహా ముగ్గురం వెళ్ళాం. అత్తయ్య పట్టుచీర కట్టింది. టెన్నిస్ కోర్టు దగ్గర గుంతలు కూడా తవ్వేశాను, ఇప్పుడు మార్చమంటారా అని ట్రాక్టరాయన గొణిగాడు. ఆంటీ ఆయనకి మొహమాటం గురించి పాఠం చెప్పింది, అట్టు రుచితో సహా. తర్వాత సభ ముందు నన్ను నిలబెట్టి, బెంచీ మలుపు దగ్గర కావాలా అని అడిగింది. నేను పద్ధతి ప్రకారం వద్దన్నాను. మళ్ళీ అడిగింది, మళ్ళీ వద్దన్నాను. వెనక కూర్చున్న ముసలాయన ఒకాయన, ఒప్పుకో తల్లీ అన్నట్టు చేతులు జోడించాడు. మూడోసారి కావాలండీ అన్నాను. చప్పట్లు కొట్టారు. బెంచీ కోసం అన్ని చప్పట్లు పడటం నేను మళ్ళీ చూడలేదు. ట్రాక్టరాయన కూడా కొట్టాడు, గుంతల్లో గులాబీలు పెడతానన్నాడు.

బెంచీ పడిన మర్నాటి నుంచి అత్తయ్య నడక మొదలైంది. పైకి వెళ్ళేటప్పుడు ఒకసారి, దిగేటప్పుడు ఒకసారి దాని మీద కూర్చునేది. ఫ్లాస్కులో టీ పట్టుకెళ్ళేది. దారిన పోయేవాళ్ళని పక్కన తట్టి కూర్చోమనేది. వాళ్ళు పాఠం బాగా ఒంటబట్టించుకున్నారు. ట్రాక్టరాయన బండి ఆపి, కూర్చోనని తల ఊపి, కదలకుండా నిలబడి, మళ్ళీ పిలిచేదాకా ఎదురుచూసేవాడు. ఆపైన ఆయన ఇంగ్లీషులో, ఈవిడ తెలుగులో ఆవుల గురించి మాట్లాడుకునేవారు. ఇద్దరికీ ఏ ఆవు గురించో తెలుసు, ఇంకేం కావాలి? ఆ రోజుల్లో మా ఇల్లు ఎంత కళగా ఉండేదో చెప్పలేను.

కానీ టికెట్ జనవరిదే. బెంచీ వస్తే ఆవిడ తనంతట తనే ఉంటాననేస్తుందని నా లెక్క. నవంబరు పోయింది, డిసెంబరు పోతోంది, ఆ మాటే లేదు. పైగా నాకు నచ్చని పచ్చళ్ళు కూడా జాడీల్లో పెడుతోంది, తను లేనప్పుడు పనికొస్తాయని. నేను మనసులో కుతకుతలాడిపోయాను. ఆవులకి టాటా చెప్పడానికి మనసొప్పదు గానీ నన్ను వదలడానికి ఏం బాధ లేదా అని.

ఏడాది చివరి రోజు ఫ్యాక్టరీలోనే ఉన్నాం. తెల్లారినా ఏ కంప్యూటరూ పడకెయ్యలేదు. పాలు ఎప్పటిలా గొట్టాల్లో పారుతున్నాయి. కారులో తిరిగి వస్తూ మా ఆయన ఈల వేస్తున్నాడు. నేను ఉండబట్టలేక, మీ అమ్మని ఉండమని అసలు అడిగారా అన్నాను.

"అడిగాగా, అక్టోబర్లోనే. వద్దంది."

"ఎన్నిసార్లు అడిగారు?"

ఈల ఆగిపోయింది. కన్నకొడుకు, తెనాలి నీళ్ళు తాగి పెరిగినవాడు, ఆ ఊరివాళ్ళలాగే ఒక్కసారి అడిగి టికెట్ మార్పించేశాడు! తిట్టడానికి నోరు తెరిచాను గానీ నవ్వొచ్చింది, నవ్వుతోనే ఏడుపూ వచ్చింది. మలుపు దగ్గర ఆపమన్నాను.

అత్తయ్య బెంచీ మీద ఉంది, ఫ్లాస్కు పక్కన పెట్టుకుని. నా పొట్ట చూసి జరిగి చోటిచ్చింది. కంప్యూటర్లు బాగున్నాయా అని అడిగింది. బాగున్నాయన్నాను. కింద హాలు కిటికీలోంచి ఆవిరి వస్తోంది, స్టీలు పాత్ర కూడా కాగుతున్నట్టే ఉంది.

"అత్తయ్యా, కాన్పయ్యేదాకా ఉండండి."

"అబ్బే, నేనెందుకే. మీరిద్దరూ చూసుకోగలరు."

"మాకు చేతకాదు. ఉండండి."

"నేనుంటే మీకు చాకిరీ తప్ప ఏముందమ్మా."

"అత్తయ్యా, నాకు మీరు కావాలి. ఉండండి."

ఆవిడ కొంగుతో కళ్ళు ఒత్తుకుని, కంచె అవతలకి చెయ్యి చూపించింది.

"ఆ తెల్లమొహం దాన్ని చూశావా? చూడితో ఉంది. దానికీ నీకూ ఇంచుమించు ఒకటే నెల. అది ఈనేదాకా ఉంటే సరిపోద్దిలే," అంది. తర్వాత ఫ్లాస్కు మూత తీసి టీ పోస్తూ, "ఆ టికెట్ సంగతి వాడికి నువ్వే చెప్పు," అంది.